డిజ్జీ గిలెస్పీ మహావాద్యబృంద రికార్డులు: ఒక పరిశీలనము

పూర్వరంగము

జాజ్ సంగీతమున రెండు మార్గములు కలవు. నలుగురైదుగురు వాద్యగాండ్రు ఒకరినొకరు గమనించుచు, అప్పటికప్పుడు కల్పన చేయుచు సాగించు చిన్న బృందము మొదటిది. పదునాఱుగురో పదునేడుగురో వరుసలుగా కూర్చుండి, ముందుగా వ్రాసియుంచిన స్వరపత్రముల ననుసరించి వాయించుచు, నడుమ నడుమ ఒక్కొక్కరి మనోధర్మమునకు తావిచ్చు మహావాద్యబృందము రెండవది. దీనినే బిగ్ బ్యాండ్ అందురు. నాలుగైదు ట్రంపెట్లు, రెండు మూడు ట్రాంబోనులు, ఐదు సాక్సోఫోనులు, పియానో, డబుల్ బాస్, డ్రమ్ములు దీనికి అంగములు. మొదటిది గోష్ఠి వంటిది. రెండవది సభ వంటిది.

ఈ సభానాదము భారతీయ శ్రోతలకు బొత్తిగా అపరిచితము కాదు. 1930వ దశకమున బొంబాయి తాజ్‌మహల్ హోటలులో లియాన్ ఏబీ, క్రికెట్ స్మిత్ మొదలగు అమెరికా నల్లజాతి విద్వాంసులు బృందములు నడిపిరి. ఆ బాణీని అలవఱచుకొన్న గోవా ట్రంపెట్ వాద్యగాడు చిక్ చాక్లెట్, సి. రామచంద్ర కూర్చిన 1951 నాటి 'అల్బేలా' చిత్రసంగీతమున పాల్గొనెను. నాటి హిందీ చిత్రగీతములలో ఇత్తడి వాద్యములు వరుసగట్టి ఒక్కపెట్టున మ్రోగుట విన్నవారు మహాబృందము యొక్క ఛాయను విన్నవారే.

ఈ వ్యాసమునకు విషయమైన జాన్ బర్క్స్ గిలెస్పీ (1917-1993) ట్రంపెట్ విద్వాంసుడు. లోకమున 'డిజ్జీ' యను పేర ప్రసిద్ధుడు. ఆల్టో సాక్సోఫోను విద్వాంసుడగు చార్లీ పార్కరుతో పాటు బీబాప్ అను నూతన పద్ధతిని రూపొందించినవారిలో అగ్రగణ్యుడుగా చరిత్రకారులు ఇతనిని పేర్కొందురు. 1945లో ఐదుగురు వాద్యగాండ్రతో వెలువడిన 'సాల్ట్ పీనట్స్', 'హాట్ హౌస్', 'షా నఫ్' రికార్డులనే ఇతని కీర్తికి ప్రధానాధారములుగా నెంచి, మహాబృంద రికార్డులను వానికి అనుబంధముగా చూచుట తఱచు కానవచ్చును. ఈ అభిప్రాయము పునఃపరిశీలింపదగినది. గోష్ఠిలో పుట్టిన పలుకు సభలో నిలుచునా యను ప్రశ్నకు ఐదుగురి రికార్డులలో సమాధానము దొరకదు. అది పదునాఱుగురి రికార్డులలోనే కలదు. ఆ సమాధానము సంపూర్ణ విజయము కాదు; అపజయమును కాదు. ఎంతవఱకు ఏది, ఎందువలన అనుటయే ఇచ్చటి విచారణ.

శిక్షాకాలము

గిలెస్పీ 1917 అక్టోబరు 21న దక్షిణ కరొలైనా రాష్ట్రమునందలి చెరా అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి తాపీపనివాడు, స్థానిక వాద్యబృందమునకు నాయకుడు. బృందపు వాద్యములు ఆ యింటనే యుండెడివి. కుమారునకు పదియేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. 1935లో కుటుంబము ఫిలడెల్ఫియా చేరెను. 1937లో యువకుడు న్యూయార్కున టెడ్డీ హిల్ బృందమున చేరి, తన తొలి రికార్డులు వాయించి, ఆ యేడే బృందముతో ఐరోపా యాత్ర చేసెను. నాడు అతని వాదనమున ప్రసిద్ధుడగు రాయ్ ఎల్డ్రిడ్జ్ అనుకరణమే హెచ్చు.

1939లో అతడు క్యాబ్ క్యాలవే బృందమున ప్రవేశించెను. అచ్చట ట్రంపెట్ వరుసలోనే క్యూబా దేశీయుడగు మారియో బౌజా యుండెను. బౌజా సాహచర్యము వలన గిలెస్పీకి క్యూబా లయలయందు శ్రద్ధ కలిగెను. 1940లో అతడే రచించి బృందమునకు కూర్చిన 'పికిన్ ది క్యాబేజ్' రికార్డులో ఆ శ్రద్ధకు తొలి జాడ వినబడును. క్యాలవేకు మాత్రము ఆ యువకుని కల్పనలు రుచింపలేదు. వానిని చీనా సంగీతమని యెగతాళి చేసెను. 1941లో రంగస్థలమున ఎవరో విసరిన కాగితపుటుండ నిమిత్తముగా కలహము పుట్టి గిలెస్పీ ఆ కొలువు పోగొట్టుకొనెను. పిమ్మట 1942-43లలో ఎర్ల్ హైన్స్ బృందమునను, 1944లో బిల్లీ ఎక్‌స్టైన్ బృందమునను పనిచేసెను. రెండవదానికి సంగీత నిర్వాహకుడు అతడే. ఈ రెండు బృందములలోను పార్కరు అతనికి సహచరుడు.

ఈ వృత్తాంతము వలన ఒక యంశము తేలుచున్నది. గిలెస్పీ మహాబృందముల వరుసలలో పెరిగినవాడు. తన చుట్టు పదునేనుగురు మ్రోయుచుండగా ఆలోచించుట అతనికి బాల్యపు అలవాటు వంటిది. 1945 నాటి పంచవాద్య రికార్డులకు ముందును వెనుకను అతని దృష్టి పెద్ద బృందముపైననే నిలిచెను. 1942 ఆగస్టు మొదలు అమెరికా వాద్యగాండ్ర సంఘము రికార్డు కంపెనీలకు వాయింపక సమ్మె చేయుటచే, పార్కరు, గిలెస్పీ కలిసియున్న హైన్స్ బృందము వాయించినది ఒక్క రికార్డునందైనను నిలువలేదు. కాన కొత్త పద్ధతి మహాబృందమున మొలకెత్తిన దశ చెవికి దొరకక, చిన్న బృందముల దశయే మొదటిదిగా భాసించుచున్నది. అనుబంధమను అభిప్రాయమునకు ఈ లోపము కొంత కారణము.

నూతన వ్యాకరణము

బీబాప్ స్వరూపమును తెలిసికొనక ఈ రికార్డుల సాహసము బోధపడదు. పాశ్చాత్య సంగీతమున పలు స్వరములను ఒక్కమాఱు మ్రోగించు సమ్మేళనములు పాటకు ఆధారము. బీబాప్ కర్తలు పాత జనరంజక గీతముల నుండి ఆ సమ్మేళనముల వరుసను మాత్రము గ్రహించి, దానిపై సరికొత్త స్వరరచనను నిలిపిరి. 'విస్పరింగ్' అను పాత పాట వరుసపై గిలెస్పీ 'గ్రూవిన్ హై' కూర్చెను. తెలుగు పాఠకునకు ఇది సుబోధము. ఉత్పలమాల గణములును యతిస్థానమును మాఱవు, పద్యము మాఱును. వరుస పాతదే యైనను, బీబాప్ వాద్యగాడు సమ్మేళనమునకు దూరమైన స్వరములను తడవును. పలుకును ఊహింపని తావున ఆరంభించి ఊహింపని తావున ముగించును. నడకను మిక్కిలి వేగిరపఱచును.

ఒక్క ట్రంపెట్టు, ఒక్క సాక్సోఫోను కలిసి ఇట్లు పలుకుట కష్టమైనను సాధ్యము. ఐదు ట్రంపెట్లు ఒకే ఊపిరిగా పలుకవలసి వచ్చినపుడు సమస్య వేఱు. ఒకడు క్షణమాత్రము వెనుకబడినను పలుకు చెదరును. అంతియే కాక మహాబృందమునకు ఆశ్రయము నాట్యశాల. ప్రజలు టిక్కెట్టు కొనునది ఆడుటకు. అడుగునకు అందని సంగీతమునకు ఆ శాలలో చోటు లేదు.

1945లో గిలెస్పీ తొలి మహాబృందమును కూర్చి, నర్తకులగు నికొలస్ సోదరులు పాల్గొన్న సంచార ప్రదర్శనతో దక్షిణ రాష్ట్రములకు వెడలెను. జాతి వివక్ష చట్టముగా నడచుచున్న ప్రాంతమది. శ్రోతలు తమకు తెలిసిన బ్లూస్ కోరిరి. ఈ సంగీతమునకు అడుగు వేయలేక నిలిచిపోయిరి. యాత్ర విఫలమై బృందము విచ్ఛిన్నమయ్యెను. అయినను మఱుసటి యేడే అతడు రెండవమాఱు బృందమును కూర్చెను. ఆ 1946 చివరకు పేరుమోసిన మహాబృందములే పెక్కులు మూతపడుట గమనించినచో ఈ పట్టుదల విలువ తెలియును.

మ్యూజిక్రాఫ్ట్ రికార్డులు

1946 నాటి బృందమునకు ప్రధాన రచయిత గిల్ ఫుల్లర్. చిన్న బృందపు పలుకుబడిని వరుసలకు పంచి వ్రాయుటలో అతని పాత్ర గిలెస్పీ పాత్రకు తక్కువది కాదు. మ్యూజిక్రాఫ్ట్ కంపెనీకి ఆ యేడు వాయించిన వానిలో మూడింటిని ఉదాహరణములుగా గ్రహింపవచ్చును.

జూన్ 10న రికార్డు చేసిన 'అవర్ డిలైట్' ట్యాడ్ డామెరన్ రచన. నడక మధ్యమము. స్వరరచన పాడుకొనుటకు వీలైనది. వరుసలు ఒకదాని మాట నొకటి త్రోసిరాజనక పలుకును. కొత్త పద్ధతి సభలో మర్యాదగా కూర్చుండగలదని ఈ రికార్డు చూపెను. నవంబరు 12న రికార్డు చేసిన 'ఎమనన్' బ్లూస్ చట్రముపై నిలిచినది. ఆంగ్లమున 'పేరు లేదు' అను మాటను తిరుగవేసి చదివిన ఆ పేరు వచ్చును. దక్షిణాదిని నిరాశపఱచిన శ్రోతలకు ఈ బృందము ఇచ్చిన ప్రత్యుత్తరముగా దీనిని భావింపవచ్చును. బ్లూస్ విడువలేదు, కొత్త పలుకును విడువలేదు.

మూడవది జూలై 9న రికార్డు చేసిన 'థింగ్స్ టు కమ్'. గిలెస్పీ 1945లో చిన్న బృందముతో వాయించిన 'బీబాప్' అను రచనయే దీనికి మూలము. నిమిషమునకు మూడు వందలకు తక్కువ కాని తాళపు దెబ్బలతో పరుగెత్తు ఈ రచనను ఒక్కడు వాయించుటయే దుర్ఘటము. ఫుల్లర్ దానిని ట్రంపెట్ల వరుసకంతకును వ్రాసెను. నడుమ గిలెస్పీ మనోధర్మమును, మిల్ట్ జాక్సన్ వైబ్రాఫోనును మెఱపువలె వచ్చి పోవును.

ఈ రికార్డుపై విమర్శకుడు మొగమాటము లేక పలుకవలెను. వరుసలోని స్వరములు ఒకదానినొకటి ఒరసికొనుచున్నవి. వేగము పరాకాష్ఠనందిన తావుల అక్షరములు కలిసిపోయి ధ్వని మాత్రము మిగులుచున్నది. ఆ కంపెనీ రికార్డింగు మసకదనము దీనికి తోడయ్యెను. వినికిడిలో స్పష్టతయే ప్రమాణమైనచో 'షా నఫ్' ముందు ఇది నిలువదు. కాని ఆ ప్రమాణము ఒక్కటే చాలదు. ఒకరిద్దఱు ప్రతిభావంతుల సొత్తుగా నున్న దానిని పదునాఱుగురు తమదిగా పలుకబూనుట ఇందు వినబడుచున్నది. కొత్త పాఠమును తరగతి యంతయు తొలిమాఱు బిగ్గఱగా చదువునపుడు తడబాటు తప్పదు. ఆ తడబాటునకు వెఱచి పాఠమును ఇద్దఱు మేధావి శిష్యులకే పరిమితము చేసినచో ఆ పాఠము వారితోనే ముగియును. రెండేండ్లలో ఇదే రచనను బృందము పారిస్ సభలో నిబ్బరముగా వాయింపగలిగెను. 1948 ఫిబ్రవరి 28 నాటి ఆ సభాధ్వని రికార్డుగా నిలిచియున్నది.

మఱొక ఫలమును పేర్కొనవలెను. ఇట్టి రచనలు ట్రంపెట్ వాద్యగాండ్ర పెదవులను అలయజేయును. వారికి విశ్రాంతి యిచ్చుటకై నడుమ పియానోపై జాన్ లూయిస్, వైబ్రాఫోనుపై మిల్ట్ జాక్సన్, బాస్‌పై రే బ్రౌన్, డ్రమ్ములపై కెన్నీ క్లార్క్ తామై వాయించుచుండిరి. ఆ విరామ వాదనమే పెరిగి, బ్రౌన్ స్థానమున పెర్సీ హీత్ రాగా, 1952లో మోడరన్ జాజ్ క్వార్టెట్ అను సుప్రసిద్ధ చతుర్వాద్య బృందమయ్యెను. సభ గోష్ఠికి అనుబంధము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. ఇచ్చట సభయే గోష్ఠిని కన్నది.

హవానా అతిథి

1947లో బృందము ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీకి మాఱెను. ఆగస్టు 22న 'టూ బేస్ హిట్', 'ఊప్-పాప్-ఎ-డా' మొదలగునవి రికార్డయ్యెను. ధ్వని ముద్రణము మెఱుగుపడెను, వరుసలు కుదురుకొనెను. ఆ శరత్కాలమున గిలెస్పీ తన బృందమునకు క్యూబా తాళవాద్యగాడు కావలెనని బౌజాను కోరగా, బౌజా హవానా నుండి న్యూయార్కు వచ్చియున్న చానో పోజోను చూపెను. 1915లో జన్మించిన పోజో వాయించునది కాంగా. అది నిలువుపాటి పీపా వంటి చర్మవాద్యము. కఱ్ఱలు లేక అరచేతులతో వాయింతురు. సెప్టెంబరు 29న న్యూయార్కు కార్నెగీ హాలు సభలో పోజో ఈ బృందముతో వాయించెను.

గిలెస్పీకి స్పానిషు రాదు. పోజోకు ఆంగ్లము రాదు. తామిరువురును ఆఫ్రికా భాష పలుకుదుమని వారు చెప్పుకొనిరని ప్రతీతి. మాట చమత్కారముగా నున్నను కష్టము నిజమైనది. జాజ్ బృందము తాళపు బలమును పట్టు తావు వేఱు. క్యూబా వాద్యగాడు పట్టు తావు వేఱు. ప్రయాణములలో పోజో తోటివారి చేతికి డోళ్ళిచ్చి ఒక్కొక్కరికి ఒక్కొక్క లయను నేర్పి, వానిని ఒకదానిపై నొకటి ఎట్లు నిలుపవలెనో చూపెను. అతిథి యింటివారికి గురువయ్యెను.

1948 జనవరి 1 నుండి వాద్యగాండ్ర సంఘము మఱల రికార్డు సమ్మె ప్రకటించుటచే 1947 డిసెంబరున త్వరత్వరగా రికార్డింగులు జరిగెను. 22వ తేదీన నాలుగు, 30వ తేదీన నాలుగు రచనలు ముగిసెను. ఆ యెనిమిదింటిలోనే 'క్యూబానా బీ', 'క్యూబానా బాప్', 'మాంటెకా' కలవు. మొదటి రెండు జార్జ్ రస్సెల్, గిలెస్పీ, పోజోల ఉమ్మడి రచన. రస్సెల్ వ్రాసిన ఆరంభమున సమ్మేళనములు వరుసగా మాఱుట మాని ఒక్క స్వరసముదాయమునే ఆశ్రయించి నిలుచుట విశేషము. తరువాతి దశకమున జాజ్ పట్టిన ఒక త్రోవకు ఇది ముందడుగు. రెండవ భాగమున పోజో తన మతాచారపు పలుకులను పాడగా బృందము బదులు పలుకును.

సంధియా, యడాగమమా?

'మాంటెకా' అనగా స్పానిషున పందికొవ్వు. బాస్, కాంగాల చిన్న పలుకుతో రచన ఆరంభమగును. దానిపై గంభీర సాక్సోఫోను, ట్రాంబోనులు, ట్రంపెట్లు ఒక్కొక్కటి తమ తమ చిన్న పలుకులతో వచ్చి చేరును. ఏ పలుకును తనకు తాను సంపూర్ణము కాదు, కలిసినపుడే అర్థము. ఈ నిర్మాణమంతయు పోజో ఊహ. వ్రాత రాని అతడు ప్రతి వాద్యపు పలుకును నోటితో పలికి చూపెను.

పోజో ఉద్దేశమున రచన అంతటితో సరి. అదియే ఆవర్తించుచు సాగవలెను. ఒకే సమ్మేళనముపై నిలిచిన రచన తన శ్రోతలకు విసుగు గొల్పునని తలచి గిలెస్పీ మధ్యభాగ మొకటి చేర్చెను. ఎనిమిది ఆవర్తములు వ్రాయబూని, మొదటి పలుకునకు మరలివచ్చు దారి దొరకక, పదునాఱు ఆవర్తములు వ్రాయవలసి వచ్చెనని అతడే తన ఆత్మకథలో చెప్పుకొనెను. ఆ భాగమున సాక్సోఫోనులు మృదువుగా మొదలిడగా ట్రంపెట్టు అందుకొనును. లయయు క్యూబా నడక విడిచి జాజ్ నడకకు వచ్చును. తరువాత బిగ్ నిక్ నికొలస్ టెనర్ సాక్సోఫోను మనోధర్మము ఆ నడకలోనే సాగును.

ఇచ్చట రెండు విధముల ఆక్షేపము కలదు. క్యూబా సంగీతమునకు ఎడము చాలలేదనుట యొకటి. రెండు సంగీతములు కలియక ప్రక్కప్రక్కన నిలిచిన వనుట రెండవది. రెండవదానిలో నిజమున్నది. అతుకు వినబడును. కాని అతుకు వినబడుట దోషమగునా?

తెలుగు వ్యాకరణము ఈ విషయమున ఒక దృష్టాంత మిచ్చుచున్నది. రెండచ్చులు ఎదురైనపుడు ఒక్కొక్కచో పూర్వస్వరము లోపించి పరస్వరము నిలుచును. అది సంధి. సంధి లేనిచోట రెండచ్చులును తమ తమ రూపములతో నిలిచి, నడుమ యకార మొకటి ఆగమముగా వచ్చును. ఆ యకారము మొదటి పదమునకు చెందదు, రెండవ పదమునకును చెందదు. రెండింటిని నిలుపుటకే అది వచ్చినది. గిలెస్పీ వ్రాసిన పదునాఱు ఆవర్తములు ఈ యడాగమము వంటివి. అవి క్యూబా పలుకును మ్రింగలేదు. దానిని అలంకారముగా కుదింపలేదు. పోజో భాగము ఒక్క దెబ్బయైన తగ్గక నిలిచియున్నది. జాజ్ భాగమును తన నడకతో నిలిచియున్నది. అతుకు చెరిపివేసినచో ఏదో యొకటి లోపించియుండెడిది.

అతుకు లేని కలయిక ఎట్లుండునో చూడగోరువారు చీకో ఓ'ఫారిల్ 1954లో గిలెస్పీ కొఱకు ఇదే రచనను నాలుగు భాగములుగా విస్తరించి కూర్చిన రికార్డును వినవలెను. అందు నేర్పు హెచ్చు. మార్పులు నునుపుగా జరుగును. కాని మొదటి రికార్డులో రెండు జాతుల లయలు ఒకదానినొకటి తొలిసారి చూచుకొన్న ఉత్కంఠ అందు లేదు.

తరువాతి సభలలో ఈ రచన వాయించునపుడు జార్జియా రాష్ట్రమునకు మరలి పోమని బృందము పాడుట వాడుకయ్యెను. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు పడిన అవమానములు ఎఱిగినవారికి ఆ మాట వివరింప పనిలేదు. నాట్యమాడుటకు వచ్చినవారు నవ్వుచునే విని, పిమ్మట ఆలోచించియుందురు.

క్షీణదశ

1948లో ఐరోపా యాత్ర ముగించి వచ్చిన బృందము తన బలిమి శిఖరమున నుండెను. కాని సమ్మె వలన ఆ యేడు రికార్డింగు శాల తలుపులు మూతపడియుండెను. పారిస్, పాసడీనా సభల ధ్వనిముద్రణములు మాత్రము దొరకుచున్నవి. సమ్మె ముగియుటకు కొలది దినములకు ముందు, ఆ డిసెంబరు మొదట, హార్లెములో పోజో తుపాకి కాల్పులకు బలియయ్యెను. ఈ బృందముతో అతని సహవాసమునకు రికార్డింగు శాలలో మిగిలిన సాక్ష్యము 1947 డిసెంబరు నాటి రెండు దినములే.

1949-50 రికార్డులలో తగ్గుదల స్పష్టము. కాపిటల్ కంపెనీకి మాఱిన పిమ్మట హాస్యపు పాటలు, ఆటకు తగిన నడకలు హెచ్చెను. పాటలలో హాస్యము గిలెస్పీకి సహజమే; 'ఊప్-పాప్-ఎ-డా'లో అర్థము లేని అక్షరములతో సాగిన పాట వాద్యకల్పన వలెనే రసవంతము. ఇచ్చట మాత్రము హాస్యము కంపెనీవారి కోరికగా వినబడును. సాక్సోఫోను వరుసలో యువకుడగు జాన్ కోల్ట్రేన్ ఉండియు, అతనికి తగిన తావు ఈ రికార్డులలో దొరకలేదు. 1950లో బృందము మూతపడెను. శ్రోతలకొఱకు కొంత విడిచినను శ్రోతలు రాలేదు. విడిచినది మాత్రము పోయెను.

రెండవ మహాబృందము

1956లో అమెరికా ప్రభుత్వ విదేశాంగ శాఖ తన దేశపు సంగీతమును పరదేశములలో వినిపింపనెంచి గిలెస్పీని నియోగించెను. యువకుడగు క్విన్సీ జోన్స్ బృందమును కూర్చెను. ఇందు నల్లవారును తెల్లవారును కలిసి వాయించిరి. మెల్బా లిస్టన్ అను స్త్రీ ట్రాంబోను వాయించుటయే కాక రచనలు కూర్చెను. నాటి మహాబృందములలో ఇది అరుదు. మార్చి నెలలో ఇరానునందలి అబాదానున ఆరంభమైన యాత్ర సిరియా, లెబనాన్, తుర్కీ, యుగొస్లావియా, గ్రీసు దేశముల సాగెను. ఉపఖండమున నాటి పాకిస్తాను నగరములగు కరాచీ, ఢాకాలలో బృందము వాయించెను, భారతదేశమున వాయింపలేదు.

జాతి వివక్ష నడచుచున్న దేశము నల్లవానిని తన స్వేచ్ఛకు ప్రతినిధిగా పంపుటలోని వైరుధ్యము గిలెస్పీ ఎఱుగనిది కాదు. తన దేశము చేసిన పనులకు సాకులు చెప్పనని అతడు యాత్రకు ముందు తలచెను. అతని సమాధానము బృందపు కూర్పులోనే యుండెను.

'వరల్డ్ స్టేట్స్‌మన్' (1956), 'బర్క్స్ వర్క్స్' (1957), న్యూపోర్టు ఉత్సవమున 1957 జూలై 6న వాయించిన సభా రికార్డు ఈ బృందమునకు ప్రధాన సాక్ష్యములు. 'డిజ్జీ ఇన్ గ్రీస్' అను రికార్డు పేరునకే గ్రీసు, వాయించినది అమెరికాలో. శిల్పమున ఈ బృందము మొదటిదానిని మించినది. 1946లో తడబడిన వేగము ఇచ్చట చార్లీ పెర్సిప్ డ్రమ్ములపై నిశ్చింతగా సాగును. బెన్నీ గోల్సన్ కూర్చిన 'విస్పర్ నాట్' వంటి మంద్రమైన రచనలు బీబాప్ పలుకునకు శాంతస్వభావమును నేర్పెను. ముందటి తరము కష్టపడి పలికినది ఈ తరమునకు మాతృభాష యయ్యెను.

కాని సాహసమున ఇది మొదటిదానికి తక్కువ. తెలియని దానిని ఎదుర్కొనిన వాని గొంతులోని వణకు 'థింగ్స్ టు కమ్'లో కలదు, న్యూపోర్టులో లేదు. ఆ లోటును మఱొక గుణము పూరించుచున్నది. తన పేరు మోయు రచనయగు 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా'లో మనోధర్మమునకు ఉన్న ప్రధాన స్థానమును నాయకుడు లీ మోర్గన్‌కు విడిచిపెట్టెను. 1938లో జన్మించిన మోర్గన్ నాటికి ఇరువదియేండ్లు నిండని బాలుడు. ట్రంపెట్ నాయకుడు తన వాద్యమునే పట్టిన బాలునకు తన స్థానమిచ్చుట సులభము కాదు. క్యాలవే కొలువున తానెఱుగని ఆదరమును గిలెస్పీ ఇట్లు తరువాతివారికి పంచెను. 1958 ఆరంభమున ఈ బృందమును విత్తాభావముచే విచ్ఛిన్నమయ్యెను.

ఉపసంహారము

గిలెస్పీ 1993 జనవరి 6న మరణించుటకు కొన్ని యేండ్ల ముందు సైతము పలుదేశముల వాద్యగాండ్రతో యునైటెడ్ నేషన్ ఆర్కెస్ట్రా అను బృందమును నడిపెను. మహాబృందము అతనికి ఎన్నడును లాభము తేలేదు. అయినను విడువలేదు. ఈ పట్టుదలను అభిరుచిగా మాత్రము చూచుట చాలదు. చిన్న బృందమున తాను కనుగొన్న పలుకు పెక్కురి నోట నిలుచువఱకు అది భాష కాదని అతడు నమ్మినట్లు ఈ రికార్డులు తెలుపుచున్నవి.

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ విచారము కొత్తది కాదు. ఇంటిలో నలుగురి నడుమ స్పష్టముగా పలుకు మాట, సభలో నూఱుగురి నడుమ తడబడును. అది విని నవ్వువారు కలరు. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ, యానామున ఫ్రెంచి ప్రక్కన నిలిచిన తెలుగులో అతుకులు వినబడుట చూచి చింతించువారు కలరు. 'థింగ్స్ టు కమ్' మొదటివారికి సమాధానము: సభలో తడబడిన పలుకే రెండేండ్లకు సభలో నిలిచినది. 'మాంటెకా' రెండవవారికి సమాధానము: అతుకు వినబడుచున్నంత కాలము రెండును బ్రదికియున్నట్లే. 1950 నాటి రికార్డులు ఒక హెచ్చరిక: వినువారు రారేమో యను భయముతో తన పలుకును తానే తగ్గించుకొన్నచో, వినువారును దక్కరు, పలుకును దక్కదు.

ఈ మూడును కలిపి విన్నవారికి డిజ్జీ గిలెస్పీ మహాబృంద రికార్డులు అతని కీర్తికి అనుబంధముగా తోపవు. లోపములతో కూడియే అవి అతని కృషికి నడుము వంటివి.